సిమ్యులేటర్ తప్పు పక్కకి ఎందుకు ఒరిగింది?

హెలికాప్టరు గంటకు 200 కిలోమీటర్ల వేగంతో దూసుకుపోతున్నప్పుడు దాని కదలికలను గణితంలో పట్టుకోవడం కష్టమా? లేక గాలిలో ఒకేచోట నిలబడి ఉన్నప్పుడు కష్టమా? ఈ ప్రశ్న మీ తరగతిలో అడిగి చూడండి. చాలామంది మొదటిదే కష్టమంటారు. కదలకుండా నిలబడ్డదాని గురించి లెక్కించడానికి ఏముంటుంది అనిపించడం సహజమే. నిజం మాత్రం దీనికి తలకిందులుగా ఉంది. వేగంగా పోయే హెలికాప్టరు లెక్కలు చాలాకాలం కిందటే ఓ దారికి వచ్చాయి. నిలబడ్డ హెలికాప్టరు, నెమ్మదిగా కదిలే హెలికాప్టరు మాత్రం శాస్త్రజ్ఞులను డెబ్బై ఏళ్లకు పైగా ఏడిపించాయి.

1980ల చివర్లో అమెరికాలోనూ యూరప్‌లోనూ ఇంజనీర్లకు ఒక వింత సమస్య ఎదురయింది. అప్పటికి హెలికాప్టరు సిమ్యులేటర్లు బాగానే అభివృద్ధి చెందాయి. సిమ్యులేటర్ అంటే నేలమీదే ఉండే ఒక కాక్‌పిట్, ఎదురుగా తెరమీద కదిలే దృశ్యం, వెనక ఒక కంప్యూటరు. పైలట్ స్టిక్ కదిపితే, నిజం హెలికాప్టరయితే ఇప్పుడేం చేస్తుందో కంప్యూటరు సెకనుకి పదుల సార్లు లెక్కకట్టి చూపిస్తుంది. ఆ లెక్కలకు ఆధారమైన సమీకరణాల సముదాయాన్నే గణిత నమూనా అంటారు. నమూనా సరైనదో కాదో తేల్చడానికి ఒక పద్ధతి ఉంది. నిజం హెలికాప్టరులో పైలట్ స్టిక్‌ను ఎలా కదిపాడో రికార్డు చేస్తారు. అదే కదలికను కంప్యూటరుకు ఇస్తారు. వచ్చిన రెండు జవాబులనూ ఒకే గ్రాఫు మీద గీసి పోల్చి చూస్తారు.

పైలట్ స్టిక్‌ను ముందుకి తోస్తే ముక్కు దిగాలి. దిగింది. రెండు గీతలూ చక్కగా కలిశాయి. అయితే హెలికాప్టరు ఎప్పుడూ అడిగిన పని ఒక్కటే చేసి ఊరుకోదు. ముక్కు దించమంటే దించుతూనే కాస్త పక్కకి కూడా ఒరుగుతుంది. ఈ అడగని కదలిక దగ్గర వచ్చింది చిక్కంతా. నిజం హెలికాప్టరు ఒక పక్కకి ఒరిగితే కంప్యూటరులోని హెలికాప్టరు రెండో పక్కకి ఒరిగింది! పరిమాణంలో కొద్దిపాటి తేడా అయితే సర్దుకోవచ్చు. గుర్తే మారిపోతే ఎలా? ప్లస్ రావలసిన చోట మైనస్ వచ్చిందంటే ఏదో మౌలికమైన విషయాన్ని మరిచిపోయామన్నమాట.

మరిచిపోయింది గాలిని. హెలికాప్టరు తనంతట తానే కిందికి తోసిన గాలిని. ఆ కథ మొదటినుంచీ చూద్దాం.

ఓడల దగ్గర పుట్టిన సూత్రం

హెలికాప్టరు పైకి లేవాలంటే గాలిని కిందికి తోయాలి. ఇది న్యూటన్ మూడో నియమమే. రోటరు కిందికి తోసే ఈ గాలిని మనం 'దిగుగాలి' అందాం. దీని వేగం ఎంతో కనుక్కునే పద్ధతి హెలికాప్టర్లు పుట్టక ముందే తయారయింది. 1865లో స్కాట్లండుకు చెందిన విలియం రాంకిన్, 1889లో ఆర్.ఇ. ఫ్రూడ్ ఓడల ప్రొపెల్లర్ల కోసం దీన్ని రూపొందించారు. తిరిగే రెక్కలను ఒక్కొక్కటిగా పట్టించుకోకుండా, మొత్తాన్ని ఒక పలచని చక్రంగా ఊహించి, దానిగుండా పోయే ద్రవానికి ద్రవ్యవేగ నియమాన్నీ శక్తి నియమాన్నీ వర్తింపజేశారు. ఎంత తెలివైన ఊహో చూడండి. రెక్కలెన్నో, వాటి ఆకారమేమిటో తెలియకపోయినా జవాబు వస్తుంది!

ఒక కాగితం తీసుకోండి. సియాచిన్ వంటి ఎత్తైన చోట్లకి మన సైనిక దళాలు దశాబ్దాలపాటు నడిపిన చీతా హెలికాప్టరును ఉదాహరణగా తీసుకుందాం. ఫ్రాన్స్‌లో 'లామా' పేరుతో పుట్టిన ఈ హెలికాప్టరును హిందుస్థాన్ ఏరోనాటిక్స్ సంస్థ లైసెన్సు మీద మనదేశంలో తయారుచేసింది. (1972లో జాఁ బూలే అనే ఫ్రెంచి పైలట్ లామాను 12,442 మీటర్ల ఎత్తుకి తీసుకెళ్లి రికార్డు సృష్టించాడు. ఎవరెస్టు కంటే మూడున్నర కిలోమీటర్లు పైన!) దీని గరిష్ఠ బరువు 1,950 కిలోలు. రోటరు వ్యాసం 11.02 మీటర్లు, అంటే రోటరు చక్రపు వైశాల్యం సుమారు 95 చదరపు మీటర్లు. బరువును న్యూటన్లలోకి మార్చి, దాన్ని వైశాల్యం, గాలి సాంద్రతల లబ్ధానికి రెట్టింపుతో భాగించి, వర్గమూలం తీయండి. సముద్రమట్టం దగ్గర గాలి సాంద్రత ఘనపు మీటరుకు 1.225 కిలోలు. జవాబు సెకనుకి సుమారు 9 మీటర్లు వస్తుంది. రోటరు చక్రం గుండా దిగే గాలి వేగం అది. ఇంకా కిందికి పోయేసరికి అది రెట్టింపై, సెకనుకి 18 మీటర్లవుతుంది. హెలికాప్టరు దిగేచోట గొడుగులూ షామియానాలూ ఎందుకు లేచిపోతాయో తెలిసిందిగా!

అదే లెక్కను 5,500 మీటర్ల ఎత్తులో చేయండి. అక్కడ గాలి సాంద్రత 0.7 కిలోలే. అదే బరువు మోయడానికి రోటరు గాలిని సెకనుకి 12 మీటర్ల వేగంతో తోయాలి.

ఈ 9 మీటర్లన్న సంఖ్యను గుర్తుపెట్టుకోండి. గంటల్లోకి మారిస్తే 32 కిలోమీటర్లు. హెలికాప్టరుకు 'నెమ్మది వేగం' అంటే ఏమిటో ఈ సంఖ్యే చెబుతుంది. ముందుకి పోయే వేగం దీనికి ఎన్నో రెట్లున్నప్పుడు దిగుగాలి వెనకబడిపోతుంది. రోటరుకు ఎప్పటికప్పుడు కదలని కొత్త గాలి దొరుకుతుంది. ముందుకి పోయే వేగం ఇంతకు సమానంగానో తక్కువగానో ఉంటే, తాను తోసిన గాలి తన చుట్టూనే తచ్చాడుతుంది. రోటరు తన పాత గాలిలోనే పనిచేయాలి.

గ్లావర్ట్ ఊహ

స్పెయిన్ దేశస్థుడు హువాన్ దె లా సియెర్వా 1923లో ఆటోజైరో అనే కొత్తరకం విమానాన్ని ఎగరేశాడు. దానికి ముందు మామూలు ప్రొపెల్లరు, పైన ఇంజనుతో పనిలేకుండా గాలికే తిరిగే రోటరు ఉంటాయి. ఇంగ్లండులోని ఫార్న్‌బరోలో పనిచేసే హెర్మన్ గ్లావర్ట్ 1926లో ఈ రోటరుకు సిద్ధాంతం రాశాడు. ముందుకి పోయే రోటరులో దిగుగాలి వేగం ఎంత? దీనికి అతనొక సూత్రం ఇచ్చాడు. వేగం సున్నా అయితే అది రాంకిన్ సూత్రం అవుతుంది. వేగం ఎక్కువయితే అది విమానపు రెక్క సూత్రం అవుతుంది. మధ్యలో కూడా పనిచేస్తుందనడానికి గట్టి రుజువేమీ లేదు. రెండు కొసలూ కలిశాయి కనుక మధ్యదీ సరిపోతుందని గ్లావర్ట్ ఊహ. గణితజ్ఞులు ముఖం చిట్లించే పద్ధతే. అయినా హెలికాప్టరు పాఠ్యపుస్తకాల్లో నేటికీ మొదటి అధ్యాయం ఆ సూత్రంతోనే నడుస్తుంది.

అదే వ్యాసంలో గ్లావర్ట్ ఇంకో మాట కూడా అన్నాడు. దిగుగాలి చక్రమంతటా ఒకే వేగంతో ఉండకపోవచ్చు. ముందు అంచు దగ్గర తక్కువగా, వెనక అంచు దగ్గర ఎక్కువగా ఉండవచ్చు. అసలు విషయం ఇందులోనే ఉంది. పాపం, తన ఊహ ఎంత దూరం పోతుందో చూడడానికి అతను లేడు. 1934లో, 41 ఏళ్ల వయసులో, ఎవరో చెట్టు మొద్దును పేలుడు పెట్టి తీస్తుంటే ఎగిరివచ్చిన ముక్క తగిలి చనిపోయాడు.

ముందుకీ వెనక్కీ తేడా ఎంత? 1945లో అమెరికాలో కోల్మన్, ఫైన్‌గోల్డ్, స్టెంపిన్ అనే ముగ్గురు దీన్ని లెక్కించారు. హెలికాప్టరు ముందుకి పోతుంటే దిగుగాలి స్తంభం నిటారుగా కాక వెనక్కి వాలి ఉంటుంది. ఆ వాలు కోణంలో సగానికి టాంజెంటు తీస్తే తేడా వస్తుందని వాళ్లు చూపారు. మన చీతానే సెకనుకి 9 మీటర్ల వేగంతో నడిపిద్దాం. గ్లావర్ట్ సూత్రం ప్రకారం దిగుగాలి సగటు వేగం 7.1 మీటర్లకు తగ్గుతుంది. స్తంభం సుమారు 52 డిగ్రీలు వాలుతుంది. దానిలో సగం 26 డిగ్రీలు. టాంజెంటు 0.48. అంటే ముందు అంచు దగ్గర దిగుగాలి సెకనుకి 3.7 మీటర్లు, వెనక అంచు దగ్గర 10.5 మీటర్లు. దాదాపు మూడు రెట్ల తేడా!

ముందు అంచు దగ్గర దిగుగాలి తక్కువ కనుక రెక్కకు ఎత్తే బలం అక్కడ ఎక్కువ. అయితే హెలికాప్టరు ముక్కు పైకి లేస్తుందనుకుంటున్నారా? లేవదు. పక్కకి ఒరుగుతుంది. ఉయ్యాల గుర్తుచేసుకోండి. ఉయ్యాల కిందినుంచి పోతున్నప్పుడు గట్టిగా తోస్తారు. అది అన్నిటికంటే ఎత్తుకు చేరేది ఆ తర్వాత పావు వంతు ఊపు గడిచాక. రోటరు రెక్క కూడా అంతే. చుట్టుకొకసారి పైకీ కిందికీ ఊగే ఉయ్యాల అది. ముందు బలం తగిలితే, పావు చుట్టు తిరిగాక, అంటే పక్కకి వచ్చాక, అన్నిటికంటే ఎత్తున ఉంటుంది. పైనుంచి చూసినప్పుడు అపసవ్య దిశలో తిరిగే అమెరికన్ రోటరయితే ఎడమ పక్క లేచి కుడికి ఒరుగుతుంది. సవ్య దిశలో తిరిగే మన చీతా అయితే ఎడమకు ఒరుగుతుంది. నిలబడ్డ స్థితినుంచి ముందుకి సాగే ఆ కొద్ది క్షణాల్లో పైలట్ స్టిక్‌ను పక్కకి పట్టి ఉంచాల్సి వస్తుంది. హెలికాప్టరు వణుకుతుంది కూడా. ఇది ప్రతి పైలటుకూ తెలుసు. తెలియాల్సింది కంప్యూటరుకే.

బయో-సవార్ట్ మళ్లీ ఎదురవుతాడు

1972లో ఫ్రాంక్లిన్ హారిస్ ఒక నమూనా రోటరును వాయు సొరంగంలో పెట్టి, నెమ్మది వేగంలో అది పక్కకి ఎంత ఒరుగుతుందో జాగ్రత్తగా కొలిచాడు. దిగుగాలి చక్రమంతటా సమానమే అనుకునే లెక్క ఆ కొలతకు దరిదాపుల్లోకి కూడా రాలేదు. ముందు వెనకల తేడాను సరళరేఖలా తీసుకున్నా పూర్తిగా సరిపోలేదు. 1981లో నాసాకు చెందిన వేన్ జాన్సన్ వేరే దారి పట్టాడు. గాలిని స్తంభంగా ఊహించడం మానేసి, దానిలోని సుడులను ఒక్కొక్కటిగా లెక్కలోకి తీసుకున్నాడు.

రెక్క కొసనుంచి తాడులాంటి ఒక సుడి వెలువడుతుంది. రెక్క తిరుగుతూ ఉంటుంది, సుడి కిందికి జారుతూ ఉంటుంది. కనుక అది స్ప్రింగులా చుట్టలు చుట్టలుగా ఏర్పడుతుంది. ఈ సుడి తన చుట్టూ ఉన్న గాలిని ఎంత వేగంతో తిప్పుతుందో చెప్పే సూత్రం మీకు కొత్తది కాదు. ఇంటర్మీడియట్‌లో విద్యుత్ ప్రవహించే తీగ చుట్టూ అయస్కాంత క్షేత్రానికి బయో-సవార్ట్ నియమం చదివారు కదా, అదే! తీగ బదులు సుడి, అయస్కాంత క్షేత్రం బదులు గాలి వేగం. కాకపోతే తీగ కదలదు. సుడి తన వేగానికి తానే కొట్టుకుపోతూ ఆకారం మార్చుకుంటుంది. ఆకారం మారితే వేగం మారుతుంది. ఇలా సుడులను స్వేచ్ఛగా కదలనిచ్చే పద్ధతితో చేసిన జాన్సన్ లెక్క హారిస్ కొలతలకు చక్కగా సరిపోయింది.

మరి సిమ్యులేటర్లలో ఇదే పెట్టేయవచ్చు కదా? ఎంత పనో చూడండి. మూడు రెక్కలు. ఒక్కోదాని వెనక నాలుగు చుట్టల సుడి. ప్రతి చుట్టనూ పది డిగ్రీలకొక ముక్కగా కోస్తే మొత్తం 432 ముక్కలు. ప్రతి ముక్క మీదా మిగతా అన్నిటి ప్రభావం లెక్కించాలి, అంటే సుమారు 1,87,000 లెక్కలు. రోటరు నిమిషానికి 350 చుట్లు తిరిగితే, పది డిగ్రీలకొకసారి ఇదంతా మళ్లీ చేయాలి. సెకనుకి దాదాపు 4 కోట్ల సార్లు బయో-సవార్ట్! పైలట్ స్టిక్ కదిపి జవాబు కోసం ఎదురుచూస్తూ కూర్చోలేడు. ఆనాటి సిమ్యులేటర్ కంప్యూటర్లకు ఇది అందని పని.

గాలికీ బద్ధకం ఉంది

ఇంతవరకు మనం నిలకడగా సాగే ప్రయాణం గురించే మాట్లాడాం. పైలట్ చేతులు నిలకడగా ఉండవు. కదలిక మొదలవగానే కాలం కూడా లెక్కలోకి వస్తుంది.

1950లో కెన్నెత్ ఏమర్ హెలికాప్టరు ఊగినప్పుడు రోటరు ఆ ఊపును ఎంత అణుస్తుందో సిద్ధాంతంలో లెక్కకట్టి, ఎగిరే హెలికాప్టరులో కొలిచిన విలువలతో పోల్చాడు. పూర్తిగా కలవలేదు. కారణాన్ని సిసింగ్ అనే శాస్త్రజ్ఞుడు ఆ తర్వాతి ఒకటి రెండేళ్లలోనే పట్టుకున్నాడు. హెలికాప్టరు ఊగితే చక్రంలో ఒక పక్క ఎత్తే బలం పెరుగుతుంది. బలం పెరిగిన పక్క దిగుగాలి కూడా పెరుగుతుంది. అది మళ్లీ ఆ బలాన్ని కొంత తినేస్తుంది. దిగుగాలిని మార్పులేని సంఖ్యగా తీసుకుంటే ఈ గొలుసు కనిపించదు.

1953లో కార్పెంటర్, ఫ్రిడొవిచ్ ఇంకో ప్రయోగం చేశారు. నిలబెట్టిన పెద్ద రోటరు రెక్కల కోణాన్ని హఠాత్తుగా పెంచారు. ఎత్తే బలం మొదట అవసరానికి మించి ఎగిసి, తర్వాత తగ్గి స్థిరపడింది. ఎందుకంటే కోణం మారినంత తొందరగా గాలి కదలదు. గాలికీ బరువుంది కదా! రోటరు చుట్టూ ఒక గోళం ఊహించి, అందులోని గాలిలో 63.7 శాతం రోటరుకు తగిలించిన అదనపు బరువులా ప్రవర్తిస్తుందని వాళ్లు తీసుకున్నారు. మన చీతాకయితే అది దాదాపు 550 కిలోలు! పైలట్ కలెక్టివ్ మీటను లాగిన ప్రతిసారీ ఇంత గాలిని కదలిక నుంచి కదలికకు మార్చాలి. అందుకు పట్టే కాలం సుమారు సెకనులో ఎనిమిదో వంతు. మనకిది లెక్కలోకి రాని కాలం. హెలికాప్టరును నిలబెట్టి పట్టుకున్న పైలట్ చేతికి మాత్రం బాగానే తెలుస్తుంది.

ఈ ఆలోచనలన్నిటినీ ఒకచోట చేర్చినవాళ్లు డేల్ పిట్, డేవిడ్ పీటర్స్. 1981లో వాళ్లు దిగుగాలిని మూడే మూడు సంఖ్యలతో వర్ణించారు: సగటు వేగం, ముందు వెనకల తేడా, కుడి ఎడమల తేడా. ఈ మూడూ కాలంతోపాటు ఎలా మారతాయో మూడు అవకలన సమీకరణాలు రాశారు. సెకనుకి 4 కోట్ల లెక్కలెక్కడ, మూడు సమీకరణాలెక్కడ! సిమ్యులేటర్లకు ఇది వరమైంది. ఈ రంగం అప్పటిదాకా ఎంతవరకు వచ్చిందో చెప్పే ప్రసిద్ధ సమీక్షను 1988లో పీటర్స్‌తో కలిసి రాసింది భారతీయ శాస్త్రజ్ఞుడు గోపాల్ గావ్‌కర్. అంతా సర్దుకుందనుకున్నారు. సరిగ్గా అప్పుడే ఆ మైనస్ గుర్తు ఎదురొచ్చింది.

వంచిన స్ప్రింగు

అమెరికా సైన్యపు బ్లాక్ హాక్ హెలికాప్టరుకు సికోర్‌స్కీ సంస్థ తయారుచేసిన నమూనా ఆనాటికి చాలా వివరమైనది. నాసాలో దాన్ని, నిలబడి ఎగిరే స్థితిలో కొలిచిన విలువలతో 1990 ప్రాంతంలో పోల్చి చూశారు. అడిగిన కదలిక బాగుంది, అడగని కదలిక బాగాలేదు. అపాచీకి, జర్మనీ వారి బి.ఓ. 105కీ కూడా ఇదే గొడవ. ఒక హెలికాప్టరుకైతే దాని నమూనాలో ఏదో పొరపాటనుకోవచ్చు. వేరువేరు దేశాలు, వేరువేరు రోటర్లు, వేరువేరు కంప్యూటరు ప్రోగ్రాములు. తప్పు మాత్రం ఒక్కటే.

అనుమానితులకు లోటు లేదు. రెక్కలు వంగుతాయి కదా, అది కావచ్చునన్నారు కొందరు. దిగుగాలి మెలితిరగడం వల్ల కావచ్చునన్నారు ఇంకొందరు. ఒక్కొక్కటీ నమూనాలో చేర్చి చూశారు. అంకెలు అటూ ఇటూ కదిలాయిగానీ గుర్తు మారలేదు.

జవాబు ఇజ్రాయెల్‌నుంచి వచ్చింది. టెక్నియాన్‌లో పనిచేసే అవీవ్ రోజెన్, అలాన్ ఇసర్ 1995లో ప్రచురించిన వ్యాసంలో ఒక చిన్న విషయం గుర్తుచేశారు. ఇందాక దిగుగాలిని స్ప్రింగుతో పోల్చాం కదా. ఒక స్ప్రింగు చేతిలోకి తీసుకుని వంచి చూడండి. లోపలి పక్క చుట్టలు దగ్గరవుతాయి. బయటి పక్క చుట్టలు దూరమవుతాయి. హెలికాప్టరు ముక్కు ఎత్తుతోందనుకోండి. రోటరు చక్రం ముందు అంచు లేస్తుంది, వెనక అంచు దిగుతుంది. అప్పటికే కింద ఉన్న సుడుల చుట్టలు దానితోపాటు తిరగవు. కనుక వెనక పక్క చుట్టలు నొక్కుకుపోతాయి, ముందు పక్క చుట్టలు సాగుతాయి. చుట్టలు దగ్గరైన చోట దిగుగాలి పెరుగుతుంది, దూరమైన చోట తగ్గుతుంది. అంటే ముందు వెనకల మధ్య కొత్త తేడా పుట్టింది. ముందు వెనకల తేడా పావు చుట్టు తర్వాత పక్క ఒరుగుగా మారుతుందని పైన చూశాం. అడగని కదలికను అటు కాదు ఇటు అని మళ్లించింది ఇదే!

పిట్, పీటర్స్ సమీకరణాలతో సహా అంతకుముందరి నమూనాలన్నీ సుడుల స్తంభం నిటారుగానో వాలుగానో ఉంటుందని అనుకున్నాయి. వంగుతుందని మాత్రం అనుకోలేదు. నిలబడ్డ హెలికాప్టరులో చుట్టలు రోటరుకు దగ్గరగా ఉంటాయి కనుక వంపు ప్రభావం బలంగా ఉంటుంది. వేగం పెరిగాక చుట్టలు వెనక్కి కొట్టుకుపోతాయి, ప్రభావం సన్నగిల్లుతుంది. వేగంగా పోయేటప్పుడు లేని చిక్కు నెమ్మదిలోనే ఎందుకొచ్చిందో ఇప్పుడు అర్థమైందిగా.

1996లో జెఫ్రీ కెల్లర్ ఈ భావాన్ని ఇంకా తేలిక చేశాడు. పాత సమీకరణాల్లో ఒక్క పదం కలిపితే చాలు. హెలికాప్టరు ఎంత వేగంగా ముక్కు ఎత్తుతోందో ఆ వేగాన్ని ఒక స్థిరాంకంతో హెచ్చవేసి దిగుగాలి తేడాకు చేర్చాలి, అంతే. 1998లో మన్సూర్, టిష్లర్ అసలు కారణం జోలికి పోకుండా ఇంకో దారి చూపారు. రెక్క మీద ఎత్తే బలం కాస్త ఆలస్యంగా వస్తుందని నమూనాలో పెట్టి, ఆ ఆలస్యం ఎంతో ఎగిరిన హెలికాప్టరు కొలతలనుంచే రాబట్టారు. ఇందుకోసం పైలట్ స్టిక్‌ను మొదట చాలా నెమ్మదిగా, తర్వాత క్రమంగా వేగం పెంచుతూ అటూ ఇటూ ఊపుతాడు. ఏ ఊపుకి హెలికాప్టరు ఎంత స్పందించిందో, ఎంత ఆలస్యంగా స్పందించిందో కంప్యూటరు విడదీస్తుంది. ఈ పద్ధతిలో గ్రాఫులు కలుస్తాయి, సందేహం లేదు. కాని కొలిచిన హెలికాప్టరుకే అది పనికొస్తుంది. ఇంకా కట్టని హెలికాప్టరుకు ఆలస్యం ఎంతో ఎవరు చెబుతారు? ఆ దృష్టితో చూస్తే వంచిన స్ప్రింగే మెరుగు.

2002లో మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో కాలిన్ థియడోర్, రాబర్టో చెలీ స్వేచ్ఛగా కదిలే సుడులతో పూర్తి లెక్క చేసి, వంపును కలిపితే గుర్తు సరిగ్గా వస్తుందని చూపారు. 2004లో జింగెన్ జావో, జె.వి.ఆర్. ప్రసాద్, డేవిడ్ పీటర్స్ ఈ వంపు నెమ్మదిగా ఏర్పడి నెమ్మదిగా పోయే తీరును కూడా పీటర్స్ సమీకరణాల్లో ఇమిడ్చారు.

ఇదంతా ఎందుకు?

ఒరుగు ఇటైతేనేం, అటైతేనేం అనిపించవచ్చు. పైలట్ నేర్చుకునేది కళ్లతోనూ బుద్ధితోనూ మాత్రమే కాదు, చేతితో కూడా. స్టిక్‌ను ముందుకి తోస్తూ, రాబోయే ఒరుగును ముందే ఊహించి కాస్త పక్కకి కూడా పట్టడం అలవాటైపోతుంది. సైకిలు తొక్కేవాడు ఆలోచించి బ్యాలెన్స్ చేయడు కదా. సిమ్యులేటర్ తప్పు పక్కకి ఒరిగితే చేయి తప్పు అలవాటు నేర్చుకుంటుంది. ఆ చేతితోనే కొండ అంచున ఉన్న చిన్న హెలిపాడ్ మీద దిగాలి. ఏమీ నేర్పని సిమ్యులేటర్ కంటే తప్పు నేర్పే సిమ్యులేటర్ ప్రమాదకరం.

1992 ఆగస్టులో మొదటిసారి ఎగిరిన మన ధ్రువ్ హెలికాప్టరు రోటరుకు మామూలు కీళ్లు ఉండవు. రెక్కలు వంగే మిశ్రమ పదార్థంతో బిగించి ఉంటాయి. ఇలాంటి రోటరు స్టిక్‌కు చురుకుగా స్పందిస్తుంది. దానితోపాటు అడగని కదలికలు కూడా ఎక్కువగానే ఉంటాయి. హిందుస్థాన్ ఏరోనాటిక్స్, కెనడాకు చెందిన సి.ఎ.ఇ. సంస్థ కలిసి బెంగుళూరులో నెలకొల్పిన హెలికాప్టరు సిమ్యులేటర్ శిక్షణ కేంద్రం 2010లో పని మొదలుపెట్టింది. ధ్రువ్ పైలట్లకు కూడా అక్కడ శిక్షణ ఇస్తారు. అమెరికా ప్రభుత్వపు సిమ్యులేటర్ నిబంధనల్లో ఒక చిన్న వాక్యం కనిపిస్తుంది. స్థిరీకరణ పరికరాలు పనిచేయనప్పుడు అడగని కదలిక ధోరణి సరైనదిగా ఉండాలని దాని సారాంశం. పైకి చప్పగా కనిపించే ఆ వాక్యం వెనక పైన చెప్పిన కథంతా ఉంది.

ఇంకో ప్రమాదం కూడా ఈ నెమ్మది వేగంలోనే పొంచి ఉంది. ముందుకి వేగం లేకుండా నిటారుగా దిగుతూ, దిగే వేగం దిగుగాలి వేగానికి దగ్గరపడితే, రోటరు తోసిన గాలి అంచులనుంచి తిరిగి పైకి వచ్చి మళ్లీ రోటరులోనే పడుతుంది. పొగరాయుళ్లు వదిలే పొగ వలయంలాంటి పెద్ద సుడి రోటరు చుట్టూ ఏర్పడుతుంది. అప్పుడు హెలికాప్టరు జారిపోవడం మొదలుపెడుతుంది. కలెక్టివ్ మీట పైకి లాగాలని చేయి తహతహలాడుతుంది. లాగితే సుడి ఇంకా బలపడుతుంది! బయటపడే దారి స్టిక్‌ను ముందుకో పక్కకో తోసి ఆ గాలిలోంచి తప్పుకోవడమే. 2000 ఏప్రిల్ 8న అమెరికాలోని మరానా దగ్గర వి-22 విమానం ఇలాంటి స్థితిలోనే కూలి 19 మంది సైనికులు చనిపోయారు. వి-22కి రెండు పక్కలా రెండు రోటర్లుంటాయి. ఒకదాని చుట్టూ సుడి ఏర్పడగానే విమానం ఆ పక్కకి తిరగబడింది.

ఈ స్థితిని నేలమీద, సిమ్యులేటర్లోనే నేర్పాలి. కాని రాంకిన్ సూత్రం ఇక్కడ చేతులెత్తేస్తుంది. దిగే వేగం సున్నాకూ దిగుగాలి వేగానికి రెట్టింపుకూ మధ్య ఉన్నప్పుడు, అంటే మన చీతాకు సెకనుకి 18 మీటర్ల దాకా, ఆ సిద్ధాంతానికి అర్థం లేదు. గాలి ఒకే దిశలో పోతుందన్న దాని మొదటి ఊహే అక్కడ తప్పు. అందుకని ఈ భాగంలో ప్రయోగాలనుంచి తెచ్చిన వక్రరేఖను అతికిస్తారు.

సెకనుకి 4 కోట్ల బయో-సవార్ట్ లెక్కలు ఈనాటి కంప్యూటర్లకు పెద్ద బరువేమీ కాదు. వీడియో ఆటల కోసం పుట్టిన గ్రాఫిక్స్ చిప్‌ల మీద సుడులను తాళ్లుగా కాక వేలాది కణాలుగా విడగొట్టి లెక్కించే పద్ధతులు వచ్చాయి. అయినా పాత పద్ధతులు మూలపడలేదు. నమూనాలను కొలతలకు దగ్గర చేసే మార్గాలన్నిటినీ పరిశీలించి నాటో శాస్త్ర విభాగం 2021లో ఒక పెద్ద నివేదిక వెలువరించింది. అందులో అత్యాధునిక లెక్కలతోపాటు మన్సూర్, టిష్లర్ ధోరణిలో కొలతలనుంచి సవరణలు రాబట్టే పద్ధతులకూ చోటుంది. ఎందుకంటే సుడులను ఎంత బాగా లెక్కించినా, ఊగే ఓడ డెక్కు మీద దిగేటప్పుడు ఓడ కట్టడాలను తాకి వచ్చే గాలి, లోయలో కొండగోడకు కొట్టుకుని తిరిగొచ్చే దిగుగాలి కలిస్తే లెక్క మళ్లీ మొదటికొస్తుంది. అక్కడ దిగుగాలి వంగడమే కాదు, విరుగుతుంది, చీలుతుంది, వెనక్కి తిరుగుతుంది. ప్రస్తుతం పరిశోధకుల చేతిలో ఉన్న చిక్కుముడి అది.